సగం మాత్ర

“మాత్రలు మింగుతున్నావా, అమ్ముకుంటున్నావా?”

టెక్కలిలో హైవేకి దగ్గరగా ఉన్న ఒక అద్దె మేడలో డాక్టర్ శశిధర్ మైలపల్లి మంగను అడిగిన ప్రశ్న ఇది. ఆయన చెడ్డవాడు కాదు, విసుగెత్తినవాడు. మధుమేహానికి తయారైన ఒక కొత్త మాత్ర పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధన ఆ మేడలో జరుగుతోంది. అందులో చేరినవాళ్లలో మంగ ఒకతె. నెలనెలా ఆమె తెచ్చి చూపించే డబ్బా ఖాళీగా ఉంటోంది, అంటే మాత్రలన్నీ అయిపోతున్నాయి. రక్తంలో మూడు నెలల చక్కెర లెక్క మాత్రం మొదలైన చోటు నుంచి కదల్లేదు. ఉద్దానం అని పిలిచే ఆ తీరప్రాంతపు మనుషుల మీద చదువుకున్నవాళ్లకు ఉండే మొదటి అనుమానమే ఆయనకూ వచ్చింది.

“అమ్మనేదు బావూ,” అంది మంగ. “గంగమ్మ తోడు. ఒక్కటీ అమ్మనేదు.”

అది నిజం. అడిగినదానికి నిజం చెప్పి, అడగనిదాన్ని నోట్లోనే ఉంచుకుని ఆమె పలాస బస్సెక్కింది. మంగ మాత్రలు అమ్మలేదు, పంచింది.

మంగది గంగుళ్లపేట. వజ్రపుకొత్తూరు దిక్కున, జీడితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడి తీరంలో పడవ ఒడ్డుకు రాగానే పంపకం మొదలవుతుంది. పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, ఎక్కిన మనిషికో వాటా. జ్వరమొచ్చి ఆ రోజు వేటకు వెళ్లనివాడి ఇంటికి కూడా కూరకు నాలుగు చేపలు వెళ్తాయి. సముద్రపు మనుషుల పెద్దమనసు గురించి వినగానే పట్నంలో కొందరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. చెమ్మగిల్లనక్కర్లేదు. ఇవాళ నీకు పడింది, రేపు పడకపోవచ్చు. కాగితం మీద పాలసీ లేనివాళ్లు కట్టుకునే బీమా ఇది. చిన్నప్పటి నుంచి అలా బతికిన మనిషికి, తన చేతికి వచ్చింది తానొక్కతే తినాలన్న మాట చెవిలో దూరుతుంది గానీ నిలవదు.

మంగకు యాభై దాటాయి. పిల్లలు లేరు. భర్త సోములు వర్షాలు పడగానే గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి పెద్ద బోట్లలో పనిచేస్తాడు, ఎండాకాలం వేట ఆపినప్పుడు ఇంటికొస్తాడు. మిగతా కాలమంతా ఫోన్లో ఉంటాడు. తిన్నావా అంటాడు, తిన్నాను అంటుంది. నువ్వు తిన్నావా అంటుంది, తిన్నాను అంటాడు. తర్వాత ఇద్దరికీ మాటలు దొరకవు.

మాటలన్నీ సూరమ్మతోనే. సూరమ్మ ఆమెకు చుట్టం కాదు, వయసులో పెద్దది, మంగ ఆమెను ‘అప్పా’, అంటే అక్కా అని పిలిచేది. మొగుడు పోయాడు, కొడుకు చెన్నైలో. తెల్లవారగానే ఇద్దరూ రేవులో కలిసి ఒకే పాట పాడేవారు. అంటే వేలంలో పొత్తుగా సరుకు కొని, రెండు తట్టల్లో సర్దుకుని, ఒకే ఆటోలో కాశీబుగ్గ వెళ్లి, మార్కెట్ వీధిలో పక్కపక్కన కత్తిపీటలు వేసుకుని అమ్మేవారు. సూరమ్మ బేరం ఆడేది, మంగ కోసేది.

“ఏటమ్మా, కానగంతలు కళ్లు ఎర్రగున్నాయి?” అని ఎవరైనా అడిగితే సూరమ్మ తగులుకునేది. “రాత్రంతా నీకోసం ఏడిసినాయి తల్లీ. కిలో ఎయ్యమంతావా?”

ఇద్దరికీ చక్కెర ఉంది. ప్రభుత్వాసుపత్రి మాత్రలు ఇద్దరూ మింగుతూనే ఉన్నారు. పరిశోధనవాళ్లు గంగుళ్లపేట బడిలో శిబిరం పెట్టి, చక్కెర ఉన్నవాళ్లు రమ్మంటే ఇద్దరూ వెళ్లారు. శ్రీవిద్య అనే అమ్మాయి, టెక్కలి బడిపంతులు కూతురు, ఎమ్మెస్సీ చదివింది, ఒప్పంద పత్రాన్ని కెమెరా ముందు ఓపిగ్గా చదివి వినిపించింది. కొత్త మాత్ర కొందరికిస్తారు, మరికొందరికి అచ్చం అలాగే ఉండే మందులేని మాత్ర ఇస్తారు, ఎవరికేది వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదు. పాత మందులు మానకూడదు. ఇచ్చిన మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకూడదు. “అర్థమైందా అండీ?” అని అడిగితే “అయిందమ్మా” అంది మంగ. సంతకం పెట్టింది. అర్థమైందనే మాట కెమెరాలో పడింది కాబట్టి అర్థమైనట్టే లెక్క.

రక్తపరీక్షల తర్వాత మంగను తీసుకున్నారు, సూరమ్మను తీసుకోలేదు. శ్రీవిద్య సూరమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పి, చేతిలో చీటీ పెట్టింది. సూరమ్మ బయటికొచ్చి చీటీని రవికలో దోపుకుంది.

“ముసిల్దాన్నయిపోనానంట. పడుసోల్లకే ఇత్తారంట ఈ మందు.”

“నానేటి పడుసుదాన్నా అప్పా?”

“ఆల్లకి కళ్లు కనపడవే. నిన్ను సూసి మోసపోనారు.”

మొదటి డబ్బా వచ్చిన మర్నాడు ఆటో కోసం ఎదురుచూస్తూ సూరమ్మ చెయ్యి చాపింది. “మరి నా వాటా?”  మంగ కత్తిపీట దించి, మాత్రను దాని పదును మీద పెట్టి నొక్కింది. అరచెయ్యంత చేపను కూడా తూకం లేకుండా రెండు సమానాలు చేసే చెయ్యి. చెరో ముక్కా టీతో మింగారు. రోజూ అంతే. నెలాఖరుకు డబ్బా ఖాళీ. కొన్నాళ్లకు సూరమ్మ కాళ్లమంట తగ్గిందంది. “మంచి మందేనే మంగా. ముసిల్దానికీ పనిసేత్తంది” అని నవ్వింది.

మందు సంగతి అటుంచితే మంగకు ఆ మేడ నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పకపోతే తర్వాత జరిగినది అర్థం కాదు.

అక్కడ ప్రశ్నలడుగుతారు. ఏం తిన్నావు, ఎంత నడిచావు, రాత్రి ఎన్నిసార్లు లేచావు. జీవితంలో ఎవరూ అడగనివి. ఒకసారి శ్రీవిద్య నెలసరి గురించి అడిగింది. ఎప్పుడు మొదలైంది, సరిగ్గా వచ్చేదా అని. మంగ తల వంచుకుని చెప్పింది. ఎప్పుడూ సరిగ్గా రాలేదు. మూడేసి, నాలుగేసి నెలలు రాకుండా ఉండేది. గడ్డం కింద వెంట్రుకలు వచ్చేవి, దారంతో పీకేసుకునేది. శ్రీవిద్య వెళ్లి శశిధర్‌కు చెప్పింది. ఆయన వచ్చి మంగ మెడ మీద నల్లని మడత చూశాడు, ఇంకో నాలుగు ప్రశ్నలడిగాడు.

“ఇది నీకు చిన్నప్పటి నుంచి ఉన్న హార్మోన్ల తేడా అమ్మా. దీనివల్లే నెలసరి తప్పేది, ఇది ఉన్నవాళ్లకే తర్వాత షుగర్ కూడా ఎక్కువ వస్తుంది. పిల్లలు కలక్కపోవడానికీ బహుశా ఇదే కారణం. అప్పట్లో చూపించుకుని ఉంటే మందులుండేవి.”

చెప్పేసి ఆయన పక్క గదికి వెళ్లాడు. అవతల ఇంకో మనిషి ఎదురుచూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా అత్తవారింట్లో గొడ్రాలనీ, ఎవరి ఉసురో తగిలిందనీ పడిన మాటలకు ఆయన వెచ్చించింది ఒక నిమిషం. ఆ నిమిషం కూడా అంతకు ముందు ఎవరూ వెచ్చించలేదు. మంగ కుర్చీలో నుంచి లేవలేదు. కాసేపటికి శ్రీవిద్యకు తన ఫోను అందించింది.

“ఆ మాట ఓపాలి మా ఆయనకి సెప్పమ్మా.”

“ఏ మాటండీ?”

“అదే. జబ్బు అని. నా తప్పు కాదని.”

శ్రీవిద్య చెప్పింది. స్పీకరు పెట్టింది. అటువైపు బోటు ఇంజను మోతలో సోములు విన్నాడు. “సరే మేడమ్,” అన్నాడు. “ఇప్పుడేటి మరి?” శ్రీవిద్య ఫోను మంగకిచ్చేసింది. తిన్నావా అని అడిగాడు సోములు.

ఆ తర్వాతి పిలుపుకే ‘అమ్ముకుంటున్నావా’ అనే ప్రశ్న ఎదురైంది. వచ్చే పరీక్షకూ చక్కెర తగ్గకపోతే నిన్ను తీసెయ్యాల్సి వస్తుంది అని కూడా అన్నాడు శశిధర్. మాత్ర మీద మంగకు పెద్ద ఆశ లేదు. ఆ కుర్చీ మీద ఉంది.

సూరమ్మకు చెబితే పడీపడీ నవ్వింది. “అమ్ముకున్నా బాగున్ను. డబ్బులొచ్చును.” నవ్వుతూ నవ్వుతూ ఆయాసపడింది. ఆ ఆయాసం దగ్గరే మంగ ఆగి చూసింది. కొన్నాళ్లుగా చూస్తూ కూడా చూడనివన్నీ అప్పుడు కనపడ్డాయి. పొద్దున్నే ఉబ్బి ఉండే మొహం. వేలితో నొక్కితే గుంటపడే పాదాలు. ముప్పై ఏళ్లు చేపల మధ్య బతికిన మనిషి నీసువాసన వస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం. ఉద్దానంలో ఈ గుర్తులు చదవడానికి డాక్టరు అక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి ఇంట్లో చూసినవే.

“అప్పా. ఆల్లు నీకు వయసని సెప్పనేదు గదా.”

సూరమ్మ తట్ట సర్దుకుంటూ ఉండిపోయింది.

“కిడ్నీయా?”

“నెమ్మదిగా మాటాడే.” అటూ ఇటూ చూసింది. “నెంబరు పెరిగిపోనాదంట. ఆ మందు నాకు పడదని, పెద్దాసుపత్రికి ఎల్లమని సెప్పింది ఆ కాయితం సదివిన గుంట.”

“పడదన్న మందు నాకాడ ఎందుకు మింగినావే?”

“మంచి మందు కాబట్టే గదా ఆల్లు దాసుకున్నారు. పడనిదయితే నాకు కాళ్లమంట ఎలా తగ్గింది?”

క్రియాటినిన్ అని పరిశోధనవాళ్లు రాసుకునేదాన్ని గంగుళ్లపేటలో నంబరు అంటారు. మూత్రపిండాలు చెడేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అది పెరిగిందని తెలిసిన మనిషికి ఊళ్లో అప్పు పుట్టదు. రేవులో సరుకంతా అరువు మీదే నడుస్తుంది. పొద్దున్న పాట పాడి, అమ్ముకొచ్చి సాయంత్రం కట్టాలి. రేపు మంచం పట్టే మనిషికి ఇవాళ సరుకిచ్చేవాడు ఎవడు? అందుకే ఇక్కడ కొందరు పరీక్ష చేయించుకోరు, చేయించుకున్నవాళ్లు చెప్పరు. అవగాహన పెంచాలని సభల్లో ఊరికే గొంతు చించుకుంటారు. వీళ్లకు అవగాహన ఉంది. అది ఉండబట్టే దాస్తారు.

“నువ్వు ఎవుడికన్నా సెప్పేవంటే,” అంది సూరమ్మ, “నా గడప తొక్కకు.”

మంగ ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్ర మాత్రం కొయ్యడం మానేసింది. సూరమ్మ చెయ్యి చాపింది. మంగ తల అడ్డంగా ఊపింది.

“నా వాటా నాకియ్యి.”

“నీకది విసమే అప్పా.”

“ఇసమో బెల్లమో, ఇన్నాళ్లు తిన్నాను. సచ్చినానా?”

“నాను ఇయ్యను.”

“ఓలమ్మా! డాట్రుబాబు కసిరీసరికి వాటా గుర్తులేకుండా పోనాదేటి? నువ్వొక్కదానివే బతికీ. ఎవురున్నారని బతుకుతావో బతుకు.”

 ఆ మాట సూరమ్మ వెనక్కి తీసుకోలేదు. ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, కూర్చోవడానికి ఇంకో చోటు లేక. కొన్ని వారాలు అలా గడిచాయి. సరుకు కలిపే కొన్నారు, డబ్బు పంచుకున్నారు, మాటలు మాత్రం చేపల ధరల వరకే.

మాఘమాసంలో ఒకరోజు సూరమ్మ రేవుకు ఆలస్యంగా, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. ఆ పూట సరుకు మంగే పాడి తన పేరున రాయించుకుంది. కాశీబుగ్గలో తట్ట దించగానే సూరమ్మ గోడకు జారబడి వాంతి చేసుకుంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. మంగ ఆసుపత్రికి పోదామంటే సూరమ్మ ఆమె చెయ్యి విదిలించేసింది. “పైత్యమే. ఇంటికాడ పడుకుంటే పోద్ది.” తనే ఆటో పిలుచుకుని, ఎక్కలేక ఎక్కి వెళ్లిపోయింది.

మంగ రెండు తట్టల ముందూ కూర్చుంది. ఒక కిలో కూడా అమ్మలేదు. చెబితే సూరమ్మ గడప పోతుంది, ఆ మేడలో కుర్చీ కూడా పోతుంది. చెప్పకపోతే సూరమ్మే పోతుంది. తట్టలు పక్కనున్న ఉల్లిపాయలామెకు అప్పగించి, కాళ్లయినా కడుక్కోకుండా టెక్కలి బస్సెక్కింది. బస్సులో ఒకాయన ముక్కు మూసుకున్నాడు. కండక్టరు “ఏటే, సంద్రం మొత్తం ఎక్కించీసినావేటి?” అన్నాడు. మంగ టికెట్టు తీసుకుంది.

ఆ రోజు ఆమె వంతు కాదు. శ్రీవిద్య ఆశ్చర్యపోయింది. శశిధర్ గది తలుపు దగ్గర నిలబడే మంగ చెప్పేసింది. సగం తాను, సగం సూరమ్మ, మొదటి డబ్బా నుంచీ.

శశిధర్ అరవలేదు. “సూరమ్మ అంటే... మేం తీసుకోని ఆమేనా?”

“ఆమే బావూ. నెంబరు సంగతి నాకు తెలుసు. ఇప్పుడు ఊపిరి ఆడ్డం నేదు. ముందు మనిషిని తెప్పించండి. నన్ను తరవాత తిట్టండి.”

ఆయన తిట్టలేదు. సూరమ్మను ఆసుపత్రికి చేర్చమని పరిశోధన జీపును గంగుళ్లపేట పంపాడు. పక్కన పెద్ద అక్షరాలతో పరిశోధన పేరు రాసి ఉన్న జీపు. అది సూరమ్మ గుమ్మం ముందు ఆగడం, ఇద్దరు ఆమెను పట్టుకుని ఎక్కించడం ఊరంతా చూసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. దారి చూపించడానికి జీపులోనే వచ్చిన మంగ వైపు సూరమ్మ ఒకసారి చూసింది.

“సెప్పీసినావు గదే,” అంది. ఆ తర్వాత ఆమె మంగతో మాట్లాడలేదు.

వైద్యం మొదలుపెట్టడానికి సూరమ్మ మింగింది ఏమిటో తెలియాలి. శశిధర్ పరిశోధన నడిపేవాళ్లకు ఫోను చేసి, మంగ డబ్బా గుట్టు విప్పించాడు. మర్నాడు మంగను పిలిచి కూర్చోబెట్టాడు.

“అందులో మందు లేదమ్మా. నీకు వచ్చింది ఉత్త మాత్ర. నీకు షుగర్ తగ్గనిదీ అందుకే. ఆమె కిడ్నీలు వాటంతట అవే చెడ్డాయి.”

 “అయితే ఇద్దరం కలిసి సుద్దముక్క కోసుకుని తిన్నామా?”

“ఒకరకంగా.”

“మరి దానికి కాళ్లమంట తగ్గింది?”

దానికి శశిధర్ దగ్గర సమాధానం ఉంది. అలా తగ్గినట్టు అనిపించడానికి వైద్యంలో ఒక పేరే ఉంది. ఆయన చెప్పబోయి మానేశాడు, అది మాత్రం ఆయన చేసిన మంచి పని. నియమం తప్పారు కాబట్టి మంగ పేరు పరిశోధనలోంచి తీసేస్తున్నట్టు శ్రీవిద్య చెప్పింది. చక్కెర పరీక్షలకు ఇకనుంచి ప్రభుత్వాసుపత్రికి వెళ్లమంది. వెళ్లే ముందు ఇంకేమైనా అడగాలా అంది. “నువ్వడగాలమ్మా, నానేటి అడగను?” అంది మంగ. శ్రీవిద్య అడగవలసినవి అయిపోయాయి.

దీన్ని త్యాగం అంటే మంగే ఒప్పుకోదు. భయపడి చెప్పానంటుంది. చెప్పడం వల్లే సూరమ్మ బతికిందని, ఇంకో రెండు రోజులైతే దక్కేది కాదని ఆసుపత్రివాళ్లు అన్నారు. ఆ మాట సూరమ్మకు మోసినవాళ్లు ఉన్నారు. “నానడిగినానా?” అందట.

సూరమ్మ ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. మిగతా రోజుల్లో అమ్ముకోగలనని రేవుకు వెళితే, వేలం పాడించే ఆసామి ఎంతో మర్యాదగా “ఆరోగ్గం సూసుకో అప్పా, ఇప్పుడు సరుకెందుకు నీకు?” అన్నాడు. అన్నంత మర్యాదగానూ ఇవ్వలేదు. ఆమె భయపడింది అక్షరాలా నిజమైంది. మంగ ఆమె గుమ్మం ముందు నుంచే నడుస్తుంది, మరో దారి లేదు. సూరమ్మ లోపల ఉంటే తలుపు దగ్గరగా వేసి ఉంటుంది.

మంగ చిన్న సరుకు కొంటుంది, ఒక తట్టకు సరిపడా. కాశీబుగ్గలో పక్కన ఖాళీగా ఉన్న చోటు కొన్నాళ్లు అలాగే ఉంది, తర్వాత ఉల్లిపాయలామె అక్కడికి జరిగింది. బేరం ఆడడం మంగకు చేతకాదు, అడిగిన ధరకే ఇచ్చేస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో కిటికీలోంచి మాత్రల స్ట్రిప్పు వస్తుంది, ప్రశ్నలు రావు. సాయంత్రం వేరావల్ నుంచి ఫోను వస్తే తిన్నానంటుంది.

ఊళ్లో ఒకరిద్దరు సూరమ్మతో లెక్క తేల్చుకోమని ఆమెకు చెప్పారు. పొత్తు విడిపోయినవాళ్లు బాకీలు కట్టేసుకోవడం రేవులో రివాజు. అది కట్టాకే పొత్తు విడిపోయినట్టు. చెన్నై నుంచి కొడుకు డబ్బు పంపుతున్నాడు, సూరమ్మ ఇవ్వలేక కాదు. ఆమె పంపలేదు, మంగ అడగలేదు. చివరిసారి కలిపి కొన్న సరుకుకు డబ్బంతా మంగే కట్టింది, అందులో సూరమ్మ సగం పదకొండు వందల యాభై రూపాయలు. మంగకు ఇంకా రావాలి.